కళ్లకద్దుకున్న చిమ్మట

సోమవారం. ఎండ. గాలి లేదు.

ఈ రోజు దండం: తొట్టి అడుగున మిగిలిన నీళ్లకి.

మా పందిరిపేటలో రోజువారీ రాసేవాళ్లు ఎవరైనా సరే, మొదట ఎవరికో ఒకరికి దండం పెట్టి ఆ తరవాతే మిగతా సంగతులు రాయాలి. సముద్రం ఊళ్లోకి వచ్చాక కొండెక్కిన మొదటి తరం వాళ్లు పెట్టిన ఆచారం ఇది. మంచి ఆచారమే, కాదనను. కానీ ఒళ్లు పేలిపోయే ఎండలో, పొద్దున్న సొరకాయ పులుసు, మధ్యాహ్నం సొరకాయ పచ్చడి, సాయంత్రం సొరగింజల జావ దిగమింగిన మనిషికి దండం పెట్టాలంటే ఒక పట్టాన ఎవరూ గుర్తుకు రారు. అందుకే తరచూ నీళ్లకి పెట్టేస్తుంటాను. నీళ్లు ఏమీ అనుకోవు.

నా పేరు వరహాలు. నా పని పేర్లు చెప్పడం. మా పందిళ్ల స్తంభాలకు కావలి యంత్రం కళ్లు బిగించి ఉంటాయి. మసకబారిన కళ్లు. ఏదో కదిలిందని తెలుస్తుంది గానీ ఏది కదిలిందో వాటికి తెలియదు. రెక్క ఉన్నదేదైనా కనబడితే, "రెక్క ఉంది, పేరు లేదు. దయచేసి పేరు చెప్పండి," అని కావలి నన్ను పిలుస్తుంది. విడిదింట్లో పెళ్లివారిని పలకరించినంత మర్యాదగా పిలుస్తుంది. నేను వెళ్లి, చూసి, అదేమిటో చెప్పాలి. పేరు తెలియకుండా దేనికీ విషపు పొగ పెట్టకూడదని మా కట్టుబాటు. వెనకటికి పేరు అడక్కుండా అన్నిటికీ కలిపి పొగ పెట్టారు. పురుగులతో పాటు తేనెటీగలూ పోయాయి, తుమ్మెదలూ పోయాయి. ఇప్పుడు వాటి పనంతా మా మెడకు చుట్టుకుంది.

ఆ పని పేరు పూల పెళ్లి. సొరపువ్వు పొద్దు వాలాక విచ్చుకుని, తెల్లారి ఎండెక్కేసరికి వాడిపోతుంది. సాయంత్రం సైరన్ మోగగానే ఊరంతా కోడి ఈకలు పట్టుకుని బయల్దేరుతుంది. మగపువ్వులోని పుప్పొడి ఈకతో తీసి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దాలి. అద్దకపోతే పిందె పచ్చబడి రాలిపోతుంది. ఎవరి వరస వాళ్లే చేసుకోవాలి. వరస చేసుకోగలిగినన్నాళ్లే దాని కింద నీడ వాళ్లది, మంచం వాళ్లది. చేతకాని రోజున వరస ఇంకొకరికి అప్పగించి, దిగువన రేకుల షెడ్లలోకి పోయి గింజలు ఒలుచుకుంటూ బతకాలి. అక్కడ అన్నానికి లోటుండదు గానీ మధ్యాహ్నమైతే పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది.

నా పక్క వరస పైడమ్మ అత్తది. ఈ సొర తీగల మొదటి గింజలు కొంగున కట్టుకుని కొండెక్కిన మనిషి. వేళ్లు అల్లం కొమ్ముల్లా మెలి తిరిగిపోయాయి. సాయం చెయ్యనా అంటే, నా పూలకి నానే పెద్దని, నీ పని సూసుకో అంటుంది. అయినా ఆవిడ వరసలో పిందెలు నా వరసలో కంటే ఒత్తుగా ఉంటాయి. రెండు చేతులూ బాగున్న నాకే కుళ్లు పుడుతుంది.

అసలు విషయం. మధ్యాహ్నం కావలి పిలిచింది. నేను చెప్పులు వేసుకుని వెళ్లేలోపే మొదటి వరసవాళ్లు దాన్ని పట్టేశారు. చిమ్మట. సీతాకోకచిలుకకు పేద చుట్టం లాంటిది, బొటనవేలి గోరంత ఉంది. ఇలాంటిది కనబడి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఇంక ఆగుతారా? దర్శనం మొదలైంది. అదీ మా ఆచారమే. రెక్క ఉన్న ప్రాణి ఏది దొరికినా ఇంటింటికీ చేతుల మీదుగా వెళ్లాలి, ప్రతి ఒక్కరూ దోసిట్లో పట్టి ప్రసాదంలా కళ్లకద్దుకోవాలి. మిమ్మల్ని పోగొట్టుకున్నందుకు మేం క్షమాపణ అడుగుతున్నాం, తిరిగి వచ్చినందుకు దండం పెడుతున్నాం అని దాని అర్థం. ముసలివాళ్లు కొందరు ఏడ్చారు. పేరు చెప్పే మనిషికి అది చివరన అందుతుంది. నాకు అందేసరికి సాయంత్రమైంది. నేనూ కళ్లకద్దుకున్నాను. తొందరలో కళ్లజోడు తియ్యడం కూడా మరిచిపోయాను.

తరవాత భూతద్దం కింద పెట్టి చూశాను. రెక్కల నడిమి భాగం గాజులా ఉంది, కింద పెట్టిన కాగితం కనబడేంత పలచగా. చుట్టూ అంచు ముదురు రంగు. పాత బొమ్మల పలక తీసి చూస్తే అచ్చం గాజురెక్క చిమ్మట. దాని పిల్లపురుగులు సొర ఆకుల్ని ముడిచి లోపల గీకి తింటాయి, ఆకులు అయిపోతే పిందెల్లోకి దిగుతాయి. ఒక్క తేడా ఉంది. బొమ్మలో తోక చివర చిన్న కుచ్చు ఉంది, దీనికి లేదు. ఇన్ని చేతులు మారిన ప్రాణికి కుచ్చు ఊడిపోదా అని సరిపెట్టుకున్నాను.

మంగళవారం. ఎండ.

ఈ రోజు దండం: భూతద్దానికి. మనసు ఒప్పి పెట్టింది కాదు.

ఇంకో రెండు దొరికాయి. అవీ దర్శనం ముగించుకునే నా దగ్గరికి వచ్చాయి. వాటికీ గాజు రెక్కలే, ముదురు అంచులే. కుచ్చు లేదు. మూడూ ఒకేలా ఉన్నాక ఇంక అనుమానం ఏముందని కావలికి పేరు చెప్పేశాను. గాజురెక్క. కావలి నాకు ధన్యవాదాలు చెప్పింది.

పేరు విన్న వెంటనే దాలినాయుడు మావ వచ్చాడు. పందిళ్లన్నిటికీ పెద్ద ఆయనే. చిన్నప్పుడు పురుగు పడిన ఏడు వాళ్లమ్మా, చెల్లెలూ తిండి లేక పోయారు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు గానీ, ముడుచుకున్న ఆకు ఒక్కటి కనబడినా ఆగి విప్పి చూడందే ముందుకు కదలడు. నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. మళ్లీ అడిగాడు. నాకు చిరాకు వచ్చి పలక చేతికిచ్చాను. బొమ్మనూ పురుగునూ చాలాసేపు పక్కపక్కన పెట్టి చూసి, శుక్రవారం పొద్దున్న పొగ పెడదామన్నాడు. ఆ లోపల ఊరంతా దిగువ షెడ్లకు దిగిపోవాలి. ఆ పై వారమంతా పూసే పూలు వృథా. కానీ తీగలు బతుకుతాయి.

మాట్లాడుతున్నంతసేపూ ఆయన కనురెప్పలు రాగి రంగులో తళతళలాడుతున్నాయి. కాటుక పెట్టావేంటి మావా, ఈ వయసులో అని ఆటపట్టించాను. పుప్పొడి అయ్యుంటుందిలే అని తుడుచుకున్నాడు.

సాయంత్రం పైడమ్మ అత్తకు నేనే చెప్పాను. ఆవిడ ఒక్క మాటే అడిగింది.

"పొగెడితే అయ్యన్నీ సచ్చిపోతాయేటి?"

"అన్నీ పోతాయత్తా. అందుకే కదా పెట్టడం."

ఆవిడ జావ ముట్టుకోకుండా గిన్నె పక్కకు నెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. పురుగుల మీద ఇంత ప్రేమేమిటా అనుకున్నాను.

బుధవారం. ఎండ. మూటలు.

ఈ రోజు దండం: ఎవరికీ లేదు. రేపు రెండు పెడతాను.

ఊరంతా సర్దుళ్లే. చాపలు, సొరబుర్రలు, విత్తనాల కుండలు. పైడమ్మ అత్త మంచం విప్పడానికి వెళ్లాను. స్తంభానికి ఆవిడ ఈక వేలాడుతోంది. తెల్లగా, కోడి ఒంటి మీద నుంచి ఇప్పుడే రాలినట్టు ఉంది. నా ఈక అయితే పుప్పొడి పట్టి పసుపు ముద్దలా ఉంటుంది. ఎంత శుభ్రమైన మనిషో, రోజూ కడిగి ఆరేస్తోంది కాబోలు అనుకుని నా ఈకను తలుచుకుని సిగ్గుపడ్డాను. షెడ్లలోకి దిగాక మళ్లీ పైకి రానిస్తారా అని ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది. పొగ పోయాక అందరం కలిసే వస్తాం కదా అన్నాను. నవ్వలేదు.

గురువారం పొద్దున్న.

ఈ రోజు మొదటి దండం: నా కళ్లజోడుకి. నిజంగానే.

మూడు రోజులుగా కళ్లజోడు మసకగా ఉందని సణుక్కుంటూ కొంగుతో తుడుస్తూనే ఉన్నాను. పోతేగా. ఈ పొద్దున్న వెలుతురుకు పట్టి చూశాను. రెండు అద్దాల మీదా సన్నటి పొడి. రాగి రంగు, తళతళలాడుతోంది. పుప్పొడి అనుకుని తుడవబోయి చెయ్యి ఆపేశాను. సొర పుప్పొడి పచ్చన కదా. ఇది ఎర్రన.

కళ్లజోడు తీసి భూతద్దం కింద పెట్టాను. పొడి కాదు. పొలుసులు. ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒక్కొక్కటీ చిన్న చిన్న పెంకు. చిమ్మట రెక్కకు రంగు ఇచ్చేవి అవే, కొంచెం రాపిడి తగిలితే ఊడొచ్చేవీ అవే. అది ఊళ్లో ఉన్న అన్ని చేతులూ దాటింది, అన్ని కళ్లకూ తగిలింది. రెండు బొటనవేళ్లు ఆనే చోటు రెక్క నడిమి భాగమే. ఆ నడుమనున్న రంగంతా మా వేళ్లకూ మా రెప్పలకూ అంటుకుపోయింది. వేళ్లు ఆనని అంచున మాత్రం రంగు మిగిలింది. గాజు రెక్కలు దాని ఒంటివి కావు. భక్తితో మేం చేసిపెట్టినవి.

దాలినాయుడు మావ దగ్గరికి కళ్లజోడు చేత్తో పట్టుకునే పరిగెత్తాను, దారి కనబడక ఎవరి విత్తనాల కుండనో తన్నాను కూడా. మావ మొత్తం విన్నాడు. కొట్టిపారెయ్యలేదు. పొలుసులు తానూ చూశాడు. గాజురెక్కకు ముదురు అంచు ఉంటుంది కదా, ఈ పొడి ఆ అంచుది కాదని ఎలా చెప్తావన్నాడు. రంగు పోయిన రెక్క మీద ముందు ఏ రంగుండేదో నువ్వు చూశావా అన్నాడు. చూడలేదు. మా ఊళ్లో ఎవరూ చూడలేదు. పట్టుకోవాలనే తొందరలో అందరూ దాన్ని చేతుల్తోనే చూశారు.

"తప్పు పేరెట్టి మంచిదాన్ని సంపీడం నాకూ ఇష్టం నేదు వరాలూ. కానీ తప్పు పేరెట్టి సెడ్డదాన్ని వొదిలీస్తే ఏటవుతాదో నాను సూసినాను. సెయ్యి పడని పురుగొకటి సూపించు. రేపు పొద్దెక్కినంత వొరకూ ఆగుతాను."

ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే ఎక్కువ బాధేసింది.

ఊరంతా తిరిగి చెప్పాను, కనబడితే పట్టుకోకండి, నన్ను పిలవండి అని. తలాడించారు. మూటలు కట్టుకునే వాళ్లకు చిమ్మటలు ఎక్కడ కనబడతాయి? కావలిని అడిగితే, "రెక్క లేదు. ధన్యవాదాలు," అంది. పగలు అవి ఎక్కడ దాక్కుంటాయో దానికీ తెలియదు. పలక ముందేసుకుని మొదటి నుంచి మళ్లీ తిరగేశాను. రాగి రంగు చిమ్మటలు చాలా ఉన్నాయి. వాటిలో సగం మా తీగల్ని తినేవే. రెక్క మీది గీతా చుక్కా తెలియకుండా ఏదని చెప్పను?

మధ్యాహ్నం పైడమ్మ అత్త నా దగ్గరికి వచ్చింది. నేను వీధిలో ఏం అడుగుతూ తిరిగానో విన్నట్టుంది. సాయంత్రం సైరన్ మోగినాక నీ వరసకి పోకుండా నా వరసలోకి వచ్చి కూర్చో అంది. ఎందుకత్తా అంటే చెప్పలేదు. చేతులు కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

గురువారం, చీకటి పడ్డాక.

రెండో దండం దీని చివర వస్తుంది.

సైరన్ మోగింది. ఇదే ఆఖరి పెళ్లని జనం ఈకలతో వాళ్ల వాళ్ల వరసల్లోకి వెళ్లారు. నేను పైడమ్మ అత్త వరసలో నేల మీద కూర్చున్నాను. తల మీద పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి, తెల్లగా, ఉతికి ఆరేసిన గుడ్డల్లా. అత్త నా పక్కన కూర్చుంది. ఈక స్తంభానికే ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ దాటిపోతోంది, లేవదేమిటా అని చూశాను. ఈక అందివ్వబోయాను.

"ఒద్దమ్మా. నాను పట్టలేను."

ఎప్పటి నుంచని అడిగాను.

"వానలకి ముందు నించి. ఈక జారిపోతాది. నోట్లో పెట్టుకుని కూడా సూసినాను, అవ్వనేదు. పిందెలు రాలిపోతాయి, అందరికీ తెలిసిపోతాది, షెడ్డుకి తోలీస్తారు అనీసి ఏడుసుకున్నాను. రాలనేదు వరాలూ. ఒక్కటి కూడా రాలనేదు. నువ్వే దొంగతనంగా వొచ్చి సేస్తున్నావనుకున్నాను. సెప్తే నువ్వు సిగ్గుపడతావని అడగనేదు. రోజూ నీకే దండమెట్టుకుని తొంగునేదాన్ని."

నా వరసే సగం వదిలేసి ఇంటికి పోయే మనిషిని నేను. ఆవిడ ఇన్నాళ్లూ నాకు దండాలు పెట్టుకుంటోంది.

"మరి నేను కాదని ఎప్పుడు తెలిసింది?"

"మంగళారం. పొగెడితే అన్నీ పోతాయన్నావు సూడు, అప్పుడు తట్టింది. ఈ మాపటేల పువ్వుల కాడ ఏటో సిన్నగా ఆడతా ఉంటే గాలనుకునేదాన్ని. సెప్పీసుంటే నా సెయ్యి సంగతి బైటపడతాది. అందుకే సెప్పనేదు. రెండ్రోజులు దాసీసినాను. ఇంక దాసలేను."

అదిగో అని గడ్డంతో చూపించింది.

మొదట ఏమీ కనబడలేదు. తరవాత ఒక పువ్వు అంచు కదిలింది. అందులోంచి బొటనవేలి గోరంత ప్రాణి బయటికి వచ్చి, గాల్లో కాసేపు తడబడి, పిందె ఉన్న పువ్వులోకి దూరింది. ఇంకొకటి. అవతల మరొకటి. మిగతా వరసల్లో ఈకలూ కేకలూ మనుషుల తోపులాటా ఉంటాయి, అవి ఎందుకు వస్తాయి? ఇక్కడ చేతులు ముడుచుకుని కూర్చున్న ఒక ముసలావిడ తప్ప ఎవరూ లేరు.

అయినా నా పని కాలేదు. తేనె తాగడానికి గాజురెక్క కూడా పువ్వులో దూరుతుంది. పెళ్లి చేసినంత మాత్రాన మంచిదని రాయలేను. రూపం చూడాలి. చెయ్యి వెయ్యకుండా చూడాలి. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. దోమ కుట్టినా కదల్లేదు. ఆ క్షణంలో దోమలకూ దండం పెట్టానని గొప్పలు చెప్పను, తిట్టుకున్నాను.

ఒకటి పని ముగించుకుని నా మొహానికి ఎదురుగా ఉన్న ఆకు మీద వాలింది. గాజురెక్క వాలితే రెక్కలు పరిచి, చదునుగా, తోక పైకెత్తి కూర్చుంటుంది. ఇది రెక్కల్ని ఇంటి కప్పులా రెండు వైపులకీ వాల్చుకుని కూర్చుంది. రెక్క నిండా రాగి రంగు, ఎక్కడా గాజు లేదు. తోక చివర కుచ్చు లేదు, ఊడిన గుర్తూ లేదు, నున్నగా ముగిసింది. ఇంకొక గుర్తుంది. భుజం దగ్గర మొదలై, రెక్కకు అడ్డంగా వాలుగా, నడుము దాకా సన్నటి తెల్ల గీత. దారం లాంటి గీత. సరిగ్గా బొటనవేలు ఆనే చోట.

మధ్యాహ్నం ఆ గీతను పలకలో దాటేసి వచ్చానని వెంటనే గుర్తొచ్చింది. పలక తీసి చూశాను. ఉంది. బొమ్మ కింద పేరు లేదు. ఈ కొండల్లోనే ఉంటుంది, ఇంకెక్కడా లేదు. పిల్లపురుగు బండల మీది పాచి తింటుంది. పంటకు హాని లేదు. అంతే రాసి ఉంది.

మావను తేవడానికి నేను వెళ్లాను. ఆయన ఈక పట్టుకునే వచ్చాడు. వరసలోకి అడుగు పెట్టేముందు నిలబెట్టి, ఏమనుకోకు మావా అని ఆయన కండువాతోనే ఆయన చేతులు వెనక్కి కట్టేశాను. ఎందుకో ఆయనకు అర్థమైంది. దాన్ని చూడగానే ఆయన భుజాలు వాటంతటవే ముందుకు కదిలాయి, చేతులు చాచబోయి కండువా బిగిసి ఆగిపోయాయి. కట్టకపోయి ఉంటే దర్శనం మళ్లీ మొదలయ్యేది.

వంగి, పలక వంకా ఆకు వంకా చూశాడు. కప్పులా వాలిన రెక్కలు. గీత. కుచ్చు లేని తోక. తొందరపడలేదు. చాలాసేపటికి, ఇది అది కాదు అన్నాడు. నేను పలక చంకన పెట్టుకుని బయల్దేరబోయాను. ఆయన మాత్రం లేచి నిలబడి, తల ఎత్తి వరస చివరిదాకా చూశాడు. తెల్లటి ఈక స్తంభానికి వేలాడుతోంది. ఆయన ముడిచిన ఆకుల్ని విప్పి చూసే మనిషి, ఆ ఈకను చూడకుండా ఉంటాడా.

అత్త ఆయన అడిగేదాకా ఆగలేదు. తన చేతుల సంగతి తానే చెప్పేసింది. నేను ఇక్కడ రాసిన దానికంటే తక్కువ మాటల్లో, తల దించకుండా చెప్పింది. షెడ్డుకి పోతానులే తమ్ముడూ, పొగ మాత్రం ఎట్టకు అంది.

మావ రేపు మాట్లాడదామని వెళ్లిపోయాడు. కండువా విప్పించుకోవడం కూడా మరిచిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకున్న పందిళ్ల పెద్ద వీధిలో నడిచి వెళ్తుంటే జనం ఏమనుకున్నారో నాకు తెలియదు.

రెండో దండం: చెయ్యి పడని ఆ ఒక్క ఆకుకి.

శుక్రవారం. మబ్బు.

ఈ రోజు దండం: దాలినాయుడు మావకి. ఆయన ఇది చదవడు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నే కావలి దగ్గర నేను చెప్పిన పేరు నేనే వెనక్కి తీసుకున్నాను. "గాజురెక్క కాదు. నేను పొరపడ్డాను," అన్నాను. "కొత్త పేరు చెప్పండి," అంది. పలకలో పేరు లేదని చెప్పాను. బదులు పేరు చెప్పేదాకా రాసుకున్న పేరు చెరగదు, పొగ ఆగదు అంది. అదీ దాని మర్యాద. మూటల మీద కూర్చున్న జనం నా వైపు చూస్తున్నారు. రెండు రోజులు అనవసరంగా సర్దించావని కొందరి చూపుల్లోనే ఉంది. నేను నీళ్లు నములుతుంటే వెనక నుంచి పైడమ్మ అత్త అంది:

"పెళ్లిళ్లు సేస్తాది. బుజం మీద జంజెం ఉన్నాది. పంతులు కాక ఇంకేటి?"

జనం నవ్వారు. మూటల మీద విసుగ్గా కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. కావలి ఆ పేరు రాసుకుంది. "పంతులు చిమ్మట. పొగ రద్దయింది. ధన్యవాదాలు," అంది. ఇన్నేళ్లలో మొదటిసారి నేను దానికి, నీకూ ధన్యవాదాలు అని జవాబిచ్చాను.

అప్పుడు మావ అందరి ముందూ అత్త చేతుల సంగతి ఎత్తాడు. కట్టుబాటు గుర్తు చేశాడు. అత్త అప్పటికే తన మూట చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"వరస జరుగుతున్నన్నాళ్లూ నీడ వరసవాళ్లదే. ఇదే కదా మన మాట. పైడమ్మప్ప వరసలో ఒక్క పిందె రాలనేదు. పెళ్లి ఎవులు సేసినారని మన మాటలో నేదు."

అని, ఆవిడ చంకలో మూట తీసుకుని, తానే మోసుకెళ్లి మంచం మీద పెట్టి వచ్చాడు. తిరిగి వస్తున్నప్పుడు కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి రెప్పల మీద పొడి ఏమీ లేదు.

ఆదివారం. సాయంత్రం చినుకులు.

ఈ రోజు మొదట దండం రాయలేదు. కావాలనే.

దర్శనం ఆచారం మారింది. మానెయ్యలేదు, అలా మానేస్తే మేం మేం కాదు. ఇప్పుడు ప్రాణి మనుషుల దగ్గరికి రాదు, మనుషులే దాని దగ్గరికి వెళ్లాలి. వరసకు నలుగురేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, చూసి, కళ్లు మూసుకుని వచ్చెయ్యాలి. మావ ముందుగా వెళ్లి చూపించాడు. చెయ్యి చాచే అలవాటు పోని వాళ్లకు కండువా తానే కడుతున్నాడు. ఈ సాయంత్రం పైడమ్మ అత్త వరసకు రెండు పక్కల వరసల్లోనూ ఈకలు ముట్టుకోవద్దని చెప్పాడు, అవి అక్కడికీ వస్తాయేమో చూద్దామని. అందులో ఒకటి నాది. పని తప్పినందుకు నాకు ఎంత సంతోషమో పైకి కనబడనివ్వలేదు.

సైరన్ మోగింది. పూలు విచ్చుకున్నాయి. పైడమ్మ అత్త తన చోట తాను కూర్చుంది. నేను నా వరసలో కూర్చున్నాను. చినుకులకు రావేమో అనుకున్నాను. చాలాసేపు ఏదీ రాలేదు. అత్త అటు నుంచి నా వైపు చూసి, తొందరపడకు అన్నట్టు తలాడించింది. అప్పుడు నా తల పైన తీగకున్న పువ్వులోంచి ఒకటి బయటికి వచ్చింది. నా పువ్వే. భుజం మీద గీత స్పష్టంగా కనబడింది. అక్కడి నుంచి లేచి పక్క వరసలోకి పోయి, ఒళ్లో తెరిచి పెట్టుకున్న అత్త అరచేతి మీద వాలింది. మూయలేని చెయ్యి కదా, అది తెరిచే ఉంది. ఆవిడ కళ్లకద్దుకోలేదు. అలాగే చూస్తూ కూర్చుంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవడానికి కూడా కదల్లేదు. నేను చేతులు వెనక్కి పెట్టుకునే ఏడ్చాను.

ఆ చేతులు బాగుండి ఉంటే ఆవిడ రోజూ ఈకతో పెళ్లిళ్లు చేసేసేది. ఏ పువ్వూ వీటి కోసం మిగిలేది కాదు. ఇవి వచ్చిన సంగతి మాకు తెలిసేది కాదు. శుక్రవారం పొద్దున్న నేను చెప్పిన పేరు మీదనే అన్నీ పోయేవి.

ఈ రోజు దండం: పని చెయ్యలేకపోయిన పైడమ్మ అత్త చేతులకి.